లచ్చన్న గారు పార్టీలు మారింది నిజమే, కానీ మారిన ప్రతిసారీ చేతికొచ్చిందేమిటో చూడండి

మీరు అడిగింది నాకర్థమైనంతవరకు ఇది. మీ తాతగారిది మందస పక్క ఊరు, ఇంట్లో మన శ్రీకాకుళం జిల్లా రైతు నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న గారి ఫోటో గాంధీ ఫోటో పక్కనే ఉంటుంది. మీరేమో గ్రూప్స్‌కి చదువుతూ చూస్తే కాంగ్రెస్, కృషికార్ లోక్, మళ్ళీ కాంగ్రెస్, స్వతంత్ర, లోక్‌దళ్, జనతా అని పెద్ద వరస కనిపించింది. ఇప్పటి కప్పగంతులకీ దీనికీ తేడా ఏమిటి, జమీందారు మీద పోరాడిన మనిషి రాజులున్న పార్టీలోకి ఎలా వెళ్ళారు, కల్లు కోసం ప్రకాశం గారి ప్రభుత్వాన్నే పడగొట్టారట నిజమేనా, అంత నాయకుడు ముఖ్యమంత్రి ఎందుకు కాలేదు అని అడిగారు. ఒక ప్రశ్న అని మొదలుపెట్టి నాలుగు అడిగేశారు, పర్లేదు.

సూటిగా చెప్తాను. మారారు. కానీ పదవి కోసం మారిన సందర్భం నాకు ఒక్కటి కూడా దొరకలేదు, మారడం వల్ల పదవికి దూరమైన సందర్భాలే దొరికాయి. ఆయన్ని రెండు తాళ్ళు లాగుతూ వచ్చాయి. ఒకటి గీత కార్మికుడూ చిన్న రైతూ, రెండోది ఆయన గురువు ఆచార్య ఎన్.జి. రంగా. ఆ పార్టీల వరస చాలావరకు రంగా గారి వరసే, ఆయన ఎక్కడికి వెళ్తే ఈయన అక్కడికి. రెండు తాళ్ళూ ఒకే దిక్కుకి లాగినంతకాలం ఎవరికీ ఏమీ కనపడదు. చివర్లో చెరో దిక్కుకీ లాగినప్పుడు ఈయన ఏది వదిలేశారో చూస్తే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

నేను చరిత్రకారుణ్ణి కాను. ఒక తెలుగు దినపత్రికకి సోంపేట, పలాస వైపు నుంచి ముప్ఫై ఏళ్ళకి పైగా వార్తలు రాశాను, అందులో ఎక్కువ కాలం రాసిన వార్తకి ఇంత అని లెక్కకట్టి డబ్బులిచ్చే రోజులే. ఇప్పుడు శ్రీకాకుళంలో కొడుకు దగ్గర ఖాళీగా ఉన్నాను కాబట్టి ఇంత పొడుగు రాయగలుగుతున్నాను. పాత ఎన్నికల ఫలితాలు ఒక పక్క, ముసలివాళ్ళ మాటలు ఇంకో పక్క పెట్టుకుని పోల్చి చూడటం నా అలవాటు. ఏ ఒక్కదాన్ని నమ్ముకున్నా దెబ్బ తింటాం, నేను తిన్నాను.

2006 ఏప్రిల్ 19న లచ్చన్న గారు విశాఖలో పోయారు. ఆయన పుట్టింది 1909 ఆగస్టు 16న బారువలో, అంటే తొంభై ఆరు నిండి నాలుగు నెలలు తక్కువ తొంభై ఏడు. ఆ రాత్రి గంటలో వార్త పంపమన్నారు డెస్కువాళ్ళు. హడావుడిలో నేను "పలు పార్టీలు మారిన" అని ఒక ముక్క వేశాను. అందులో అబద్ధం లేదు కదా అనుకున్నాను. రెండు రోజుల తర్వాత సోంపేట రైల్వే స్టేషన్ బయట (పేరు సోంపేటే గానీ ఆ స్టేషన్ ఉన్నది కంచిలిలో, కొత్తవాళ్ళు ఇక్కడ తికమక పడతారు) టీ తాగుతుంటే ఒక పెద్దాయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. జీవితమంతా చెట్లెక్కిన మనిషి. మోకు ఒరిసి ఒరిసి పాదాల లోపలి పక్క చర్మం అట్టలా నల్లగా గట్టిపడిపోయింది. "ఏటి బావూ, ఆయన పార్టీలు మార్నాడని రాసినావంట" అన్నాడు. అవును తాతా, మారారు కదా అన్నాను. "నాను మోకు మార్సినాను, కత్తి మార్సినాను, ముంతలైతే ఎన్ని పగిలిపోనాయో నెక్క నేదు. ఎక్కింది తాటిసెట్టే గదేటి?" అని టీ డబ్బులు నా చేత ఇప్పించకుండా తనే ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ మాటకి నేను పడిపోయాను, దాన్ని చాలాచోట్ల చెప్పుకున్నాను కూడా. తర్వాత కూర్చుని ఏళ్ళవారీగా చూసుకుంటే ఆ పోలిక కూడా పూర్తిగా కుదరదని తేలింది. అక్కడక్కడా చెట్టు కూడా మారింది. అదీ చెప్తాను.

ముందు కల్లు సంగతి, ఎందుకంటే ఇప్పటి కుర్రాళ్ళకి ఇది జోకులా వినిపిస్తుంది. "తాగుబోతుల కోసం ప్రభుత్వాన్ని పడగొట్టాడట" అని ఎవరో ఎక్కడో రాస్తే నవ్వుకుంటూ పంచుకుంటారు. దూబగుంట ఆడవాళ్ళ సారా ఉద్యమం తర్వాత పుట్టినవాళ్ళకి మద్యనిషేధం అంటే మంచి పనే కాబట్టి, దానికి ఎదురు నిలబడినవాడు చెడ్డవాడై ఉండాలి అనిపించడం సహజం.

కానీ అప్పటి లెక్క వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ 1937లో సేలం జిల్లాతో నిషేధం మొదలుపెట్టారు, స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటికి అది ప్రెసిడెన్సీ అంతటికీ వచ్చేసింది, అంటే మన జిల్లాలకి కూడా. సారా వ్యాపారి అయితే ఇంకో వ్యాపారం చూసుకుంటాడు. గీసేవాడి పని అలా కాదు. తాటి గెలని రోజూ ఉదయం, సాయంత్రం పల్చగా చెక్కాలి, నాలుగు రోజులు చెయ్యి ఆపితే ధార ఆగిపోతుంది, మళ్ళీ కొత్త గెల కట్టుకోవాలి. సీజను పోతే ఆ ఏడాది తిండి పోయినట్టే. ఆ చెట్టు కూడా చాలామందికి సొంతం కాదు, ఎవరిదో గట్టు మీద ఉన్న చెట్టుకి పాటు కట్టి గీసుకునేవాళ్ళు. నిషేధం వచ్చాక సర్కారు తాటిబెల్లం చేసుకోమంది. వినడానికి బాగానే ఉంటుంది. నీరా (ఇంకా పులవని తీపి రసం) మరిగించి బెల్లం చెయ్యాలంటే పొద్దస్తమానం పొయ్యి మండాలి, అంత కట్టె ఎక్కడిది? పైగా నీరా దింపినా కల్లు దింపావని కేసు పెట్టొచ్చు, ముంతలో ఉన్నది తీపో పులుపో తేల్చేది వచ్చిన జవాను. మా ఇంటి వెనక వీధిలో ఒకాయన ఉండేవాడు, నా చిన్నప్పుడే ముసలాయన, నిషేధం రోజుల్లో తనకి రెండుసార్లు శిక్ష పడిందని, మూడోసారి పడుతుందని భయపడి ఖరగ్‌పూర్ పారిపోయి అక్కడ పదేళ్ళు మట్టి మోశానని చెప్పేవాడు. కల్లు అని నోటితో అనేవాడు కాదు, "ఆ యవ్వారం" అనేవాడు. అప్పటి భయం అలాంటిది.

లచ్చన్న గారు పుట్టింది ఆ గీత కులంలోనే. కాబట్టి ఈ సంగతి ఎవరూ ఆయనకి చెప్పక్కర్లేదు. గీత కార్మికుల సత్యాగ్రహం నడిపారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ప్రకాశం గారు ముఖ్యమంత్రి, అసెంబ్లీలో 140 మంది. నిషేధం ఎలా నడుస్తోందో చూడమని రామమూర్తి కమిటీ వేశారు, అది ఫలించలేదు ఎత్తేయండి అని కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఆ మాట వినలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాసం మీద ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఇది నిజం. కానీ "లచ్చన్న ఒక్కడే పడగొట్టాడు" అన్నది మా ఊళ్ళ గొప్ప. కమ్యూనిస్టులు అప్పటికే పెద్ద ప్రతిపక్షం, వాళ్ళ ఓట్లు లేకపోతే ఇది జరిగేది కాదు. రంగా గారు పెట్టిన కృషికార్ లోక్ పార్టీ, అంటే లచ్చన్న గారి పార్టీ వాళ్ళు అటు తిరగడం వల్ల తూకం మారింది, అటు తిరగడానికి కారణం కల్లుగీత, ఆ కల్లుగీతని అసెంబ్లీ దాకా మోసుకెళ్ళినవాడు లచ్చన్న. ఇంతవరకు రాస్తే సరిపోతుంది, ఎక్కువ రాస్తే తక్కువ నమ్ముతారు.

ప్రకాశం గారంటే నాకు ప్రాణం, ఆ మాట కూడా చెప్పాలి. అప్పటికి ఆయనకి ఎనభై రెండేళ్ళు. రాష్ట్రం కోసం అంత చేసిన మనిషి పదమూడు నెలలకే ఒక్క ఓటుతో దిగిపోవడం చదివినప్పుడల్లా మనసు ఒక రకంగా అవుతుంది. కానీ ప్రకాశం గారి మీద ప్రేమతో గీతవాళ్ళ జైళ్ళు మర్చిపోలేం కదా.

ఇక్కడ ఇంకో సంగతి, పొగిడేవాళ్ళు దాటేసేది. ప్రభుత్వం పడిపోయినా నిషేధం పోలేదు! 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు వచ్చేస్తారన్న భయంతో కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజాపార్టీ కలిసి పోటీ చేశాయి. 196 సీట్లలో కాంగ్రెస్‌కి 119, కృషికార్ లోక్‌కి 22, ప్రజాపార్టీకి 5, కమ్యూనిస్టులకి 15 వచ్చాయి. బెజవాడ గోపాలరెడ్డి గారి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు. నిషేధం మాత్రం ఆంధ్ర జిల్లాల్లో ఏదో ఒక రూపంలో 1960ల చివరిదాకా సాగింది. అంటే ఏ పని కోసం ప్రభుత్వం పడిందో ఆ పని మంత్రి కుర్చీలో కూర్చున్నా వెంటనే అవలేదు. ఇది ఆయన తప్పా, కూటమిలో చిన్న పార్టీకి ఉండే గతా అంటే నేను రెండోదే అంటాను. మీరు వేరేగా అనుకోవచ్చు.

ఇప్పుడు పార్టీల వరస. దీన్ని మీరు రంగా గారి వరస పక్కన పెట్టి చూడండి. రంగా గారిది గుంటూరు జిల్లా నిడుబ్రోలు, అక్కడ రైతాంగ విద్యాలయం పెట్టి ఊళ్ళ నుంచి కుర్రాళ్ళని రప్పించి రైతు ఉద్యమానికి తయారుచేశారు. లచ్చన్న గారు ఆ శిష్యగణంలో వారు. 1951లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీలో రంగా గారు సంజీవరెడ్డి గారి చేతిలో ఓడి, కాంగ్రెస్ వదిలి, కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. శిష్యుడు వెంట వెళ్ళారు, 1952లో సోంపేట నుంచి ఆ పార్టీ తరఫునే గెలిచారు. 1955లోనూ అదే. తర్వాత కాంగ్రెస్‌తో కలిశారు. 1959లో రాజాజీ, రంగా స్వతంత్ర పార్టీ పెట్టారు, రంగా గారే అధ్యక్షుడు. శిష్యుడు మళ్ళీ వెంట వెళ్ళారు, 1962, 1967లలో సోంపేటలో చుక్క గుర్తు మీద గెలిచారు.

చిన్న హెచ్చరిక, పరీక్షకి పనికొస్తుంది. చాలామంది "1957లో కూడా సోంపేట నుంచి గెలిచారు" అని రాసేస్తారు. నేనూ ఒకసారి అలాగే రాస్తే ఒక రిటైర్డ్ మాస్టారు ఎర్ర పెన్నుతో దిద్ది కటింగు పోస్టులో పంపించారు. 1957లో ఆంధ్ర జిల్లాల్లో అసెంబ్లీ ఎన్నికలు జరగలేదు, తెలంగాణలోనే జరిగాయి. 1955లో గెలిచినవాళ్ళే 1962 దాకా కొనసాగారు.

సరే, అసలు ముల్లు ఇది. 1940 మార్చిలో పలాసలో అఖిలభారత కిసాన్ సభ జరిగింది. వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలో, గుడారి రాజమణిపురంలో, అడవి కట్టెల గొడవ మీద పోలీసులు కాల్చితే నిండు చూలాలు గున్నమ్మ చనిపోయింది. మీ తాతగారి ఊరి పక్కనే ఇది. ఆ రైతు ఉద్యమంలో నుంచి లేచిన మనిషి, రాజాలూ రాణులూ ఉన్న స్వతంత్ర పార్టీలో, రామ్‌గఢ్ రాజాగారూ జైపూర్ గాయత్రీదేవీ కూర్చున్న పార్టీలో, ఎలా కూర్చున్నారు?

జవాబు కోసం 1948కి వెళ్ళాలి. ఆ ఏడాది ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి జమీందారు కచేరీ ఖాళీ, శిస్తు నేరుగా సర్కారుకి, రైతు చేతిలో పట్టా. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్‌లో సహకార వ్యవసాయం తీర్మానం చేశారు, అంటే భూములు కలిపి అందరూ ఉమ్మడిగా సాగు చెయ్యడం. నిన్నగాక మొన్న పట్టా చూసిన రైతుకి ఇది ఎలా వినిపించిందో ఊహించండి. జమీందారు దగ్గర విడిపించుకున్న చెక్క మళ్ళీ సర్కారు తీసేసుకుంటుందట! రైతుకి అప్పటిదాకా భయం దివాణం నుంచి, ఇప్పుడు భయం ఢిల్లీ నుంచి. రంగా గారు ఆ భయానికి గొంతు ఇచ్చారు, లచ్చన్న గారు ఆ గొంతుతో కలిశారు. రాజులు ఆ పార్టీలోకి వచ్చింది వాళ్ళ భయాలతో, వీళ్ళు వెళ్ళింది వీళ్ళ భయంతో. ఒకే బస్సులో ఎక్కినవాళ్ళందరూ ఒకే ఊరు దిగరు.

కానీ ఇక్కడే నాకు ఆయనతో పేచీ. పట్టా ఉన్న రైతుకి ఇది సరే. పట్టా లేనివాడి సంగతి? స్వతంత్ర పార్టీ భూపరిమితికి కూడా ఎదురు. చెట్టు కూడా సొంతం కాని గీతవాడికీ, ఒక సెంటు లేని కూలీకీ భూపరిమితి వస్తే పోయేదేముంది, వస్తే నాలుగు సెంట్లు వస్తాయి. టీ దుకాణం తాత చెప్పిన తాటిచెట్టు ఇక్కడ కాస్త పక్కకి జరిగిందని నా అభిప్రాయం. ఇంకో తమాషా కూడా ఉంది. సేలంలో నిషేధం మొదలుపెట్టి గీతవాళ్ళ ముంత బద్దలుకొట్టిన రాజాజీ, ఆ ముంత కోసం ప్రభుత్వాన్ని కూల్చిన లచ్చన్న, ఇద్దరూ ఒకే పార్టీలో! దీని గురించి పాత స్వతంత్ర పార్టీ ఆయన్ని ఒకరిని అడిగితే "రాజకీయాల్లో ఇవన్నీ అడక్కూడదు బాబూ" అని నవ్వేశాడు.

ఈ పేచీ నా ఒక్కడిదే కాదు, ఆ రోజుల్లో ఈ జిల్లా కుర్రాళ్ళది కూడా. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపారు, అక్కడి నుంచి శ్రీకాకుళ సాయుధ పోరాటం ఎలా పెరిగిందో మీకు తెలుసు. కొండల్లోనే కాదు, మన ఉద్దానంలో, బొడ్డపాడు లాంటి ఊళ్ళ నుంచి చదువుకున్న కుర్రాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తరానికి చుక్క గుర్తు ముసలివాళ్ళ గుర్తు. ఒకే సంవత్సరంలో ఈ జిల్లా ఢిల్లీకి స్వతంత్ర పార్టీ ఎంపీని పంపింది, కొండల్లో ఎర్రజెండా కూడా పట్టింది. మా జిల్లాని ఒక్క మాటలో చెప్పమనేవాళ్ళకి నేను ఈ సంవత్సరం చూపిస్తాను.

1967 గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే మీ "కప్పగంతులు" అన్న మాటకి నా దగ్గరున్న గట్టి జవాబు అదే. ఆ ఏడాది లచ్చన్న గారు సోంపేట అసెంబ్లీకీ, శ్రీకాకుళం లోక్‌సభకీ రెండిటికీ గెలిచారు. రంగా గారు ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. లచ్చన్న గారు లోక్‌సభ సీటుకి రాజీనామా చేసి, ఉపఎన్నిక పెట్టించి, గుంటూరు జిల్లా గురువుని శ్రీకాకుళం నుంచి గెలిపించి ఢిల్లీ పంపారు. అదే 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మార్చాడు, "ఆయారామ్ గయారామ్" అన్న మాట అక్కడే పుట్టింది. దేశమంతా సీట్లు అమ్ముకుంటున్న సంవత్సరంలో ఈయన ఒక సీటు దానం చేశారు. (ఫిరాయింపుల చట్టం వచ్చింది 1985లో, అప్పటికి ఎవరినీ ఆపే చట్టమే లేదు.)

మా నాన్న అప్పుడు బారువ పక్క ఊళ్ళో బడిపంతులు. ఆ ఉపఎన్నిక గురించి ఒకటి చెప్పేవాడు. రంగా గారి తరఫున చెప్పడానికి కుర్రాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతుంటే ఒక ముసలమ్మ చేటలో బియ్యం చెరుగుతూ "ఈ గుంటూరు బాబు ఎవులు?" అని అడిగిందట. లచ్చన్న గారి గురువు అని చెప్పారు. "సుక్కేనా?" అంది. చుక్కే అన్నారు. "అయితే ఎల్లండి, మిగతా ఇల్లు సూసుకోండి" అని మళ్ళీ చేట అందుకుందట. మా నాన్నకి రాజకీయాలు పడవు, కానీ ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం చేట చెరిగినట్టు చేతులు ఆడించి మరీ చెప్పేవాడు.

జై ఆంధ్ర ఉద్యమం, అంటే ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలన్న ఉద్యమం, మీకు సిలబస్‌లో ఉంటుంది కాబట్టి గబగబా చెప్తాను. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు (తెలంగాణ ఉద్యోగాలు అక్కడి స్థానికులకే అన్నవి) చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది, కోస్తా రాయలసీమ ఉద్యోగులు, విద్యార్థులు భగ్గుమన్నారు. తెన్నేటి విశ్వనాథం, కాకాని వెంకటరత్నం, బి.వి. సుబ్బారెడ్డి గార్లతో పాటు లచ్చన్న గారు ముందు వరసలో నిలబడ్డారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. డిసెంబరులో కాకాని గారు పోయారు, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, ఉద్యమం చల్లబడింది. అడిగింది రాలేదు. 2014లో రాష్ట్రం విడిపోయిన రోజు మా వీధి అరుగు మీద ఒకాయన "ఇదే ముక్క లచ్చన్న నలభై ఏళ్ళ కిందట అడిగితే కుదరదన్నారు" అన్నాడు. అది అంత సూటి పోలిక కాదు, అప్పుడు అడిగింది వేరు, 2014లో జరిగింది వేరు, కానీ అరుగు మీద అంత లోతుగా ఎవరు చూస్తారు.

ఇప్పుడు ఆ రెండు తాళ్ళ దగ్గరికి రండి. 1970ల మొదట్లో రంగా గారు కాంగ్రెస్‌కి, అంటే ఇందిరా గాంధీ వైపుకి, తిరిగి వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళు వెనక నడిచిన శిష్యుడు ఈసారి వెళ్ళలేదు. 1974లో స్వతంత్ర పార్టీ చరణ్ సింగ్ లోక్‌దళ్‌లో కలిసింది, ఈయన ఆ దారిన పోయారు. 1975లో ఎమర్జెన్సీ వస్తే గురువు పాలకపక్షంలో, శిష్యుడు జయప్రకాశ్ నారాయణ్ వైపు నిలబడి జైల్లో. పదవి కావాలనుకుంటే ఆయనకి అంతకన్నా సులువైన రోజు ఉండదు, గురువు వెనకాల నడిస్తే చాలు, ఎవరూ తప్పు పట్టరు కూడా. అంతకుముందు మార్పులన్నీ గురువు ఖాతాలో వేసినా, ఈ ఒక్కటి ఆయన సొంతం. తర్వాత జనతా. శాసనసభలో ప్రతిపక్ష నాయకుడిగా కూడా పనిచేశారు. ఆ తర్వాత తెలుగుదేశం గాలి వచ్చింది, అది వేరే తరం కథ. వాళ్ళబ్బాయి శివాజీ గారు సోంపేటలో పలుమార్లు, 2008 పునర్విభజనలో ఆ నియోజకవర్గం పోయాక పలాసలో గెలిచారు, మనవరాలు శిరీష గారు 2024లో పలాస ఎమ్మెల్యే అయ్యారు. కుటుంబం మూడు తరాలు ఓట్లడగడం మీద మీకు ఏదైనా అభిప్రాయం ఉంటే అది ఇంకో చర్చ పెట్టండి.

ముఖ్యమంత్రి ఎందుకు కాలేదు అంటే ఇది అంకెల ప్రశ్న, మనసుని కష్టపెట్టుకోనక్కర్లేదు. 1967లో 287 సీట్లలో కాంగ్రెస్‌కి 165, స్వతంత్రకి 29, అదే రెండో పెద్ద పార్టీ! ఆ రోజుల్లో ముఖ్యమంత్రి కావాలంటే కాంగ్రెస్‌లో ఉండాలి, ఉన్నా ఢిల్లీకి నచ్చాలి. ఆయన 1959 తర్వాత అక్కడ లేరు. పైగా రాజధానికి దూరంగా చివరి జిల్లా, గీత కులం. ఆంధ్రప్రదేశ్‌కి ఇప్పటిదాకా బీసీ ముఖ్యమంత్రి రాలేదు, ఈ మాట ఎవరినీ ఆశ్చర్యపరచకపోవడమే నాకు ఆశ్చర్యం. కాంగ్రెస్‌లో ఉండిపోయినవారికి ఏం దొరికేదో చూడాలంటే ఇదే జిల్లాలో బొడ్డేపల్లి రాజగోపాలరావు గారున్నారు, 1952లో స్వతంత్ర అభ్యర్థిగా మొదలై తర్వాత కాంగ్రెస్‌లో నిలబడి శ్రీకాకుళం నుంచి ఆరుసార్లు ఎంపీ అయ్యారు. ఆయన్ని తక్కువ చెయ్యడం లేదు, వంశధార ప్రాజెక్టుకి ఆయన పేరుంది, నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి లచ్చన్న గారి పేరుంది. మా జిల్లా రెండు నదుల్నీ ఇద్దరికీ పంచేసింది.

మీరు వ్యాసం రాసేటప్పుడు ఒక పని చెయ్యండి. పార్టీల పేర్ల పక్కన ఇంకో గడి గీసి, ఆ మార్పు తర్వాత ఆయనకి వచ్చిందేమిటి, పోయిందేమిటి అని నింపుకోండి. 1951 పక్కన "పాలక పార్టీ పోయింది", 1954 పక్కన "ప్రభుత్వం పోయింది", 1955 పక్కన "మంత్రి పదవి వచ్చింది" (ఇది కూడా రాయాలి, దాచకండి), 1959 పక్కన మళ్ళీ "పాలక పార్టీ పోయింది", 1967 పక్కన "ఇచ్చేశారు", 1975 పక్కన "జైలు". తర్వాత మీకు నచ్చిన ఇప్పటి నాయకుడెవరికైనా అలాంటి గడే నింపి చూడండి. పేర్లు ఇక్కడ రాయకండి, గొడవలైపోతాయి.

మీ తాతగారు 1967లో ఓటు వేసి ఉంటే ఒకటి అడిగి పెడతారా? ఆ ఉపఎన్నికలో ఎదుటివాళ్ళు "గుంటూరు మనిషికి మన జిల్లా ఓటా" అని ప్రచారం చేశారా, చేస్తే మందస వైపు జనం ఏమన్నారు. నా దగ్గర సోంపేట వైపు మాటలున్నాయి గానీ మందస వైపువి ఒక్కటీ లేవు. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఆ యాసలోనే రాయండి, దిద్దకండి.